హార్డ్‌వేర్ వాలెట్: సీమ పాఠకుల సందేహాలు, జవాబులు

కిందటి సంచికలో క్రిప్టో పన్నుల గురించి రాశాక, కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి ఇంచుమించు ఒకే రకం ప్రశ్నలు వచ్చాయి. కాయిన్లు కొని అమ్ముకునే ఎక్స్ఛేంజ్ యాప్‌లో ఉన్నవాటిని సొంత హార్డ్‌వేర్ వాలెట్‌లోకి, అంటే కాయిన్ల తాళాలు దాచే పెన్‌డ్రైవ్ లాంటి డివైస్‌లోకి, తెచ్చుకోవడం ఎలా, తెచ్చుకున్నాక కాపాడుకోవడం ఎలా అని. కాయిన్లు కొనాలా వద్దా అన్నది మీ ఇష్టం, దాని జోలికి మేం పోవడం లేదు. ఇప్పటికే కొన్నవాళ్ల కోసమే ఈ జవాబులు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో సగం ధరకే లెడ్జర్ వాలెట్ కనపడితే తెప్పించినాను. సీలు బాగానే ఉంది. లోపల గీకితే కనపడే కార్డు మీద 24 పదాలు, ఇంకో చీటీలో పిన్ నంబరు రెడీగా ఉన్నాయి. నాకు పని తగ్గినట్టే కదా సార్? – ఒక పాఠకుడు, ఆదోని

పని తగ్గింది ఆ కార్డు అచ్చేయించినవాడికి. ఆ 24 పదాలు వాడి దగ్గర కూడా ఉన్నాయి. మీరు ఆ వాలెట్‌లోకి పంపే ప్రతి పైసా వాడికి కనపడుతుంది. వెయ్యో రెండు వేలో పడితే ముట్టుకోడు. నమ్మకం కుదిరి మీరు పెద్ద మొత్తం వేసేదాకా కాచుకుని ఒక్క రాత్రిలో ఊడ్చుకుపోతాడు. ఒక్క రూపాయి కూడా పంపకండి.

కాయిన్లు ఆ బుల్లి డివైస్‌లో ఉండవు, బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఇంటర్నెట్ మీద నడిచే ఉమ్మడి ఖాతా పుస్తకంలో, ఉంటాయి. వాటిని కదిలించే ప్రైవేట్ కీలు, అంటే రహస్య తాళంచెవులు, డివైస్‌లో ఉంటాయి. ఆ కీలన్నీ పుట్టేది సీడ్ ఫ్రేజ్ అని పిలిచే ఆ పన్నెండు లేదా ఇరవై నాలుగు పదాల నుంచి. పదాలు తెలిసినవాడికి మీ డివైస్‌తో పని లేదు, పిన్‌తో అంతకన్నా పని లేదు. అసలైన వాలెట్‌లో ఈ పదాలు మీరు స్విచ్ నొక్కాక, మీ కళ్ల ముందే, దాని తెర మీద పుడతాయి. ఏ కంపెనీ వాటిని ముందే అచ్చేసి పంపదు. పిన్ కూడా మీరే పెట్టుకోవాలి.

రీసెట్ కొట్టి వాడుకుందామా అనిపిస్తుంది. ఈ డివైస్‌తో మాత్రం వద్దు. పదాలు ముందే పెట్టినవాడు లోపలి చిప్పు జోలికి పోలేదని నమ్మకమేమిటి? 2021లో కొందరు లెడ్జర్ కస్టమర్ల ఇళ్లకు, వాళ్లు అడగకుండానే, 'కొత్తది మార్చి ఇస్తున్నాం' అనే ఉత్తరంతో నకిలీ డివైస్‌లు పోస్టులో వచ్చాయి. వాటి లోపల అదనపు సర్క్యూట్ అతికించి ఉంది. మీది వాపసు పంపి డబ్బు అడగండి.

సీలు బాగుందన్నారు. లెడ్జర్ కంపెనీ అసలు డబ్బాకి ట్యాంపర్ స్టిక్కరే, అంటే ఎవరైనా విప్పితే తెలిసిపోయే సీలే, వేయదు. హోలోగ్రామ్ స్టిక్కర్ ఏ ప్రెస్సులోనైనా అచ్చవుతుందని వాళ్లకూ తెలుసు. వాళ్ల యాప్‌కి తగిలించినప్పుడు లోపలి సెక్యూర్ చిప్పు కంపెనీ సర్వర్‌కి సరైన జవాబు ఇస్తేనే డివైస్ అసలుది. ట్రెజర్ అనే ఇంకో కంపెనీ వాలెట్‌లో పద్ధతి వేరు. ఫర్మ్‌వేర్, అంటే డివైస్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్, లేకుండా వస్తుంది, మొదటిసారి తగిలించినప్పుడే ఎక్కుతుంది. 'ఫర్మ్‌వేర్ ఇప్పటికే ఉంది' అని చూపిస్తే అక్కడే ఆగిపోవాలి. ప్రొద్దుటూరులో నగ కొనేవాళ్లు డబ్బా మీద ముఖమల్ గుడ్డ చూసి డబ్బివ్వరు, గీటురాయి మీద గీయించి చూసుకుంటారు. ఇక్కడ గీటురాయి ఆ పరీక్షే.

ప్రశ్న: ట్రెజర్ సేఫ్ 3 కంపెనీ సైటు నుంచే తెప్పించుకున్నాను. ఇంకా డబ్బా విప్పలేదు. మొదటి నుంచి చివరి దాకా ఏ వరుసలో చేయాలి? ఇంట్లో పాత విండోస్ ల్యాప్‌టాప్ ఉంది. – ఒక పాఠకుడు, అనంతపురం

రెండు గంటలు ఖాళీ చూసుకోండి. గది తలుపు వేసుకోండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి. హాల్లో సీసీ కెమెరా ఉంటే ఆ హాల్లో కూర్చోకండి. ఇదంతా అతి అనిపిస్తుంది గానీ, మీ జీవితంలో ఆ పదాలు బయటికి కనపడే సమయం ఆ పది నిమిషాలే.

పాత ల్యాప్‌టాప్ అయినా నడుస్తుంది. వైరస్ ఉన్న కంప్యూటర్‌లో కూడా కీ బయటికి రాకూడదనే ఈ డివైస్‌లు చేశారు. కాకపోతే విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, కాబట్టి అప్‌డేట్లు వచ్చే మెషీన్ ఇంకొకటి ఉంటే అదే మేలు. డివైస్‌ని కంప్యూటర్‌తో కలిపే ట్రెజర్ సూట్ యాప్ కోసం గూగుల్‌లో వెతక్కండి. పైన వచ్చే ప్రకటనల్లో నకిలీ సైట్లు దూరుతుంటాయి. ట్రెజర్ డాట్ ఐఓ అని మీ చేత్తో టైపు చేసి అక్కడి నుంచే దించుకోండి.

డివైస్ తగిలించి ముందు ఫర్మ్‌వేర్ ఎక్కించండి. వాలెట్ సృష్టించేది ఆ తర్వాతే. ఇప్పుడొక ఎంపిక వస్తుంది, తొందరపడి దాటేయకండి. ఈ మోడల్ ఇప్పుడు మామూలుగా 20 పదాల బ్యాకప్ ఇస్తుంది. అది స్లిప్-39 అనే పద్ధతి. మంచిదే, కానీ అందరు తయారీదార్లూ దాన్ని తెరవలేరు. లెడ్జర్‌లో ఆ 20 పదాలు ఎక్కవు. రేపు ఏ కంపెనీ డివైస్ దొరికినా తెరుచుకోవాలంటే, అక్కడ రకం మార్చి బిప్-39 అనే పాత పద్ధతిలో 12 గానీ 24 గానీ ఎంచుకోండి. మా ఓటు 12కి. భద్రతకు అది చాలినంత, రాసేటప్పుడు తప్పులూ సగానికి తగ్గుతాయి.

పదాలు రాసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే, పెద్దక్షరాల్లో, వరుస నంబరు వేసి రాయండి. తెలుగు లిపిలో రాసుకుంటే తేలిగ్గా ఉంటుందని కొందరు రాస్తున్నారు. ఈ పదాలన్నీ వచ్చే బిప్-39 ఇంగ్లీషు జాబితాలో కుడివైపు అనే అర్థం వచ్చే 'రైట్' ఉంది, రాయడం అనే అర్థం వచ్చే 'రైట్' కూడా ఉంది. తెలుగులో రెండూ ఒకటే. ఐదేళ్ల తర్వాత ఏ రైటో మీరెలా చెబుతారు? అలాగే యాక్ట్, యాక్షన్, యాక్టర్, యాక్ట్రెస్, యాక్చువల్ వరసగా ఐదూ ఆ జాబితాలో ఉన్నాయి. గొలుసుకట్టు రాతలో చివరి అక్షరం కలిసిపోతే మాట మారిపోతుంది. ఏ పదాన్నైనా మొదటి నాలుగు అక్షరాలతో గుర్తుపట్టేలా జాబితా కట్టారు కాబట్టి, ఆ నాలుగూ స్పష్టంగా పడితే చాలు. జెల్ పెన్ను వాడకండి, తడి తగిలితే అలుక్కుపోతుంది. పెన్సిల్ రాత నీళ్లకు పోదు.

పిన్ ఆరు అంకెలకు తగ్గకుండా పెట్టండి. బండి నంబరు, పుట్టిన తేదీ, ఏటీఎం పిన్ వద్దు.

ఇక చాలామంది వదిలేసే పని. రిసీవ్ నొక్కి మొదటి బిట్‌కాయిన్ అడ్రస్ కాగితం మీద రాసుకోండి. దానికి చిన్న మొత్తం, పోయినా బాధ లేనంత, పంపండి. అది చేరాక సెట్టింగ్స్‌లో వైప్ డివైస్ కొట్టి మొత్తం చెరిపేయండి. ఇప్పుడు మీ చేతిలో కాగితమే మిగిలింది. దాన్ని చూసి, డివైస్ బటన్లతోనే పదాలు ఎక్కించి రికవరీ చేయండి. అదే అడ్రస్, అదే మొత్తం కనపడితే కాగితం సరైనది. కనపడకపోతే తప్పు ఈ రోజే తెలిసింది, పోయింది చిల్లరే. లోపల డబ్బు ఉన్నప్పుడు మళ్లీ ఎప్పుడైనా అనుమానం వస్తే వైప్ అక్కర్లేదు. 'చెక్ బ్యాకప్' అనేది ఉంది, చెరపకుండానే పదాలు సరిచూసి చెబుతుంది.

రికవరీ పదాలను కంప్యూటర్ కీబోర్డు మీద గానీ ఫోన్‌లో గానీ టైపు చేయమని ఎవరు అడిగినా, ఆ తెర ఎంత అసలుదిలా ఉన్నా, అది దొంగతనం అనుకుని మూసేయండి. ఫోటో తీసుకోవడం కూడా అంతే. 2025 ఫిబ్రవరిలో సైబర్ భద్రత సంస్థ క్యాస్పర్‌స్కీ బయటపెట్టిన స్పార్క్‌క్యాట్ అనే మాల్‌వేర్, అంటే దొంగ ప్రోగ్రామ్, గూగుల్, ఆపిల్ స్టోర్లలోని యాప్‌ల ద్వారానే ఫోన్లలోకి దూరి, గ్యాలరీలో ఉన్న ఫోటోల్లోని అక్షరాలు చదివి, సీడ్ ఫ్రేజ్‌లాంటివి కనపడితే పంపించేసేది.

ప్రశ్న: మాది కర్నూలు ఓల్డ్ టౌన్. 2009 వరదలో ఇంటి పత్రాలన్నీ నానిపోయి ముద్దయ్యాయి. ఇప్పుడు 24 పదాలు కాగితం మీద పెట్టాలంటే మనసొప్పడం లేదు. బ్యాంకు లాకరా, స్టీలు ప్లేటా? – ఒక పాఠకుడు, కర్నూలు

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చింది చూసినవాళ్లకు కాగితం సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. వరద రాని చోట చెదలు ఉన్నాయి. రెండు చోట్ల ఉంచాలి, ఒకటి లోహం మీద ఉండాలి.

రెడీమేడ్ ప్లేట్లు అమ్ముతారు. ఇంట్లో చేసుకున్నదీ అంతే గట్టిది. హార్డ్‌వేర్ షాపులో ఎం8 సైజు స్టెయిన్‌లెస్ స్టీల్ వాషర్లు, బయటి కొలత 30 మిల్లీమీటర్లు ఉండే వెడల్పువి, 30 తీసుకోండి. 24 పదాలకు, నాలుగు చెయ్యి తిరగడానికి, రెండు పైనా కిందా మూతగా. 60 మిల్లీమీటర్ల ఎం8 స్టీలు బోల్టు ఒకటి, నట్టు ఒకటి. లోపల నైలాన్ ఉంగరం ఉండే లాక్ నట్టు తీసుకోకండి, మంటకు అది కరుగుతుంది. 3 మిల్లీమీటర్ల ఇంగ్లీషు అక్షరాల పంచ్ సెట్టు, అంకెల పంచ్ సెట్టు కావాలి. షాపులోనే వాషర్‌కి అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే చాలావరకు అది పూత వేసిన ఇనుము, తుప్పు పడుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ అంతగా అతుక్కోదు. అల్యూమినియం అసలే వద్దు. 660 డిగ్రీలకే కరుగుతుంది, ఇల్లు తగలబడితే అంతకు మించిన వేడి పుడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కరగాలంటే 1400 డిగ్రీలు కావాలి.

కింద మందపాటి ఇనుప దిమ్మ ఉండాలి. చెక్క మీద పెట్టి కొడితే దెబ్బ మెత్తబడి అక్షరం పడదు, వాషర్ మాత్రం వంగుతుంది. పంచ్ నిలువుగా పట్టి, ఒక్క అక్షరానికి ఒక్కటే గట్టి దెబ్బ. రెండో దెబ్బ వేశారంటే పంచ్ జరిగి అక్షరం జంటగా పడుతుంది, అప్పుడు సీ ఏదో జీ ఏదో తేలదు. మొదట వరుస నంబరు, దానికి ఎదురు వైపు పదంలోని మొదటి నాలుగు అక్షరాలు. నంబరు మరిచిపోతే ఒకసారి బోల్టు ఊడి వాషర్లు చెల్లాచెదురైతే పదాలన్నీ ఉండీ వాలెట్ తెరుచుకోదు. మూడే అక్షరాల పదాలు కొన్ని ఉంటాయి. వాటికి నాలుగో చోట చిన్న గీత కొట్టండి, లేకపోతే అక్షరం అరిగిపోయిందేమోనని తర్వాత మీరే అనుమానపడతారు. అన్నీ అయ్యాక బోల్టుకి వరసగా ఎక్కించి నట్టు బిగించండి. పైన ఖాళీ వాషర్ ఒకటి, కింద ఒకటి పెడితే బయటికి ఏమీ కనపడదు.

స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టే షాపులో ఇచ్చి చేయించుకోవచ్చా అని ఇంకో పాఠకుడు అడిగారు. దానికన్నా కొండారెడ్డి బురుజు మీద సున్నంతో రాయించండి, ఖర్చు కలిసొస్తుంది.

లాకర్ రెండో ప్రతికి పనికొస్తుంది. అయితే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం లాంటి వాటికి బ్యాంకు బాధ్యత లాకర్ ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. వరద లాంటి ప్రకృతి వైపరీత్యం వల్ల నష్టమైతే, బ్యాంకు నిర్లక్ష్యం లేనంతవరకు అదీ ఉండదు. అందుకని లాకర్లో పెట్టేది కూడా లోహంది అయితే మంచిది.

ఒక హెచ్చరిక. పదాల్ని సగం ఇక్కడ, సగం అక్కడ పెట్టకండి. ఏ సగం పోయినా మొత్తం పోయినట్టే. 12 పదాల వాలెట్‌లో ఆరు ఒకడికి చిక్కితే మిగతా ఆరింటిని కంప్యూటర్ బలంతో వెతకడం ఊహకందని పనేమీ కాదు. పంచి పెట్టాలని ఉంటే స్లిప్-39లోనే దానికి పద్ధతి ఉంది. మూడు భాగాలు చేసి ఏ రెండు ఉన్నా తెరుచుకునేలా డివైసే చేసిస్తుంది.

ప్రశ్న: పాస్‌ఫ్రేజ్ పెట్టుకుంటే ఇంకా భద్రం అన్నారని పెట్టినాను. నిన్న తెరిస్తే బ్యాలెన్స్ సున్నా చూపిస్తోంది. ఎర్రర్ కూడా రాలేదు. డబ్బు పోయినట్టేనా అన్నా? – ఒక పాఠకుడు, కడప

పోలేదు తమ్ముడూ. పాస్‌ఫ్రేజ్ అంటే సీడ్ పదాలకు తోడుగా మీరే పెట్టుకునే మాట. దాన్ని పాస్‌వర్డ్ అనుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది. పాస్‌వర్డ్ తప్పు కొడితే 'తప్పు' అని చెబుతుంది. పాస్‌ఫ్రేజ్ అలా కాదు. మీరు ఏది కొట్టినా దాన్ని సీడ్ పదాలతో కలిపి ఇంకో వాలెట్ పుట్టిస్తుంది. 'కడప' అని కొడితే ఒక వాలెట్, చివర ఒక స్పేస్ పడితే వేరే వాలెట్. రెండూ సక్రమమైనవే, రెండోది ఖాళీ. అందుకే సున్నా.

నిదానంగా ఈ వరసలో చూడండి. మొదటి అక్షరం పెద్దది, తర్వాత చిన్నది. చివర స్పేస్ ఉన్నట్టు, లేనట్టు. ఫోన్ కీబోర్డు దానంతటదే వేసిన పెద్దక్షరం, చుక్క. సున్నాకీ ఓకీ మార్పిడి. ఎక్స్ఛేంజ్ యాప్ విత్‌డ్రా చరిత్రలో అప్పుడు పంపిన అడ్రస్ ఉంటుంది. మీరు తెరిచిన వాలెట్ మొదటి అడ్రస్ దానితో కలిస్తే దొరికినట్టే. అసలు పాస్‌ఫ్రేజ్ లేకుండా తెరిచి కూడా చూడండి. పంపిన రోజు దాన్ని ఎక్కించకుండానే పంపి ఉండొచ్చు.

దొరికాక ఇంగ్లీషు చిన్నక్షరాలు, అంకెలు మాత్రమే వాడి కొత్తది పెట్టుకుని, అది పుట్టించే కొత్త వాలెట్‌లోకి కాయిన్లు పంపుకుని, ఆ పాస్‌ఫ్రేజ్‌ని సీడ్ పదాలు ఉన్న చోట కాకుండా వేరే చోట రాసి పెట్టండి. రెండూ ఒకే డబ్బాలో ఉంటే పెట్టి లాభం లేదు. బుర్రలోనే ఉంచుకుంటానంటే, జ్వరమొచ్చి లేచాక కూడా గుర్తుంటుందా అని ఆలోచించండి.

దీనివల్ల నిజంగా ఉపయోగం ఉంది. 2020 జనవరిలో క్రాకెన్ ఎక్స్ఛేంజ్‌కి చెందిన క్రాకెన్ సెక్యూరిటీ ల్యాబ్స్ వాళ్లు ట్రెజర్ వన్, మోడల్ టి డివైస్‌లు చేతికి దొరికితే, చిప్పుకి ఇచ్చే వోల్టేజీని క్షణకాలం తగ్గించి, సుమారు 15 నిమిషాల్లో సీడ్ లాగొచ్చని చూపించారు. పాస్‌ఫ్రేజ్ డివైస్‌లో నిలవ ఉండదు కాబట్టి అది వాళ్లకు అందదు. ఆ పాత మోడళ్లు వాడేవాళ్లు పెట్టుకోవాలి. సెక్యూర్ చిప్పు ఉన్న కొత్తవాటిలో, చిన్న మొత్తాలకు, మా ఉద్దేశంలో దానివల్ల వచ్చే తలనొప్పే ఎక్కువ.

ప్రశ్న: ఆ పన్నెండు పదాలు ఎవడైనా అదృష్టం కొద్దీ ఊహిస్తే? – ఒక పాఠకుడు, తుగ్గలి

జాబితాలో 2048 పదాలు. 12 పదాల వాలెట్లు ఎన్ని వీలవుతాయంటే 34 పక్కన 37 సున్నాలు పెట్టినన్ని. మీ జొన్నగిరి చేలల్లో తొలకరికి వజ్రం దొరికినా దొరకొచ్చు, ఇది దొరకదు. ఆ భరోసా డివైస్ ఎంచిన పదాలకే. మీకు నచ్చిన పదాలు మీరే ఏరి పేర్చుకుంటే ఊహించడం తేలికైపోతుంది.

ప్రశ్న: యాప్‌లో ఉన్న బిట్‌కాయిన్, యూఎస్‌డీటీ వాలెట్‌కి మార్చాలి. నెట్‌వర్క్ ఏది అని అడుగుతోంది. తప్పు నొక్కితే ఏమవుతుంది? మార్చినందుకు పన్ను కట్టాలా? – ఒక పాఠకుడు, గుంతకల్లు

ముందు మీ యాప్ అసలు బయటికి పంపనిస్తుందో లేదో చూడండి. కొన్ని యాప్‌లు కొన్ని కాయిన్లను విత్‌డ్రా చేయనివ్వవు. అవి అక్కడే అమ్ముకోవాలి.

బిట్‌కాయిన్ తేలిక. వాలెట్ యాప్‌లో రిసీవ్ నొక్కితే బీసీ1 అని మొదలయ్యే అడ్రస్ వస్తుంది. అదే అడ్రస్ డివైస్ తెర మీద కూడా వస్తుంది. కంప్యూటర్ తెర మీదిది కాపీ చేసి ఎక్స్ఛేంజ్‌లో అతికించాక, అతికించినదాన్ని డివైస్ తెరతో పోల్చండి. అడ్రస్ కాపీ చేయగానే క్లిప్‌బోర్డులో దాన్ని మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి వదిలేయడం చాలదు. ఆ రెండు కొసలూ కలిసేలా దొంగ అడ్రస్‌లు తయారుచేసి, మీ ట్రాన్సాక్షన్ చరిత్రలో కనపడేలా నామమాత్రపు మొత్తం పంపేవాళ్లు ఉన్నారు. నడిమి అక్షరాలు కూడా చదవండి. పాత ట్రాన్సాక్షన్ నుంచి అడ్రస్ కాపీ చేసే అలవాటు మానుకోండి.

డాలర్ విలువకు కట్టిన కాయిన్ యూఎస్‌డీటీ దగ్గరే జనం తికమకపడేది. అది చాలా నెట్‌వర్క్‌ల మీద, అంటే వేర్వేరు బ్లాక్‌చెయిన్ల మీద, నడుస్తుంది. ట్రాన్ నెట్‌వర్క్‌లో, అంటే టీఆర్‌సీ-20లో, అడ్రస్ 'టీ' అక్షరంతో మొదలవుతుంది. ఇథీరియంలో, అంటే ఈఆర్‌సీ-20లో, సున్నా ఎక్స్‌తో. ఈ రెంటికీ రూపమే వేరు కాబట్టి యాప్ ఒప్పుకోదు. చిక్కు బీఎన్‌బీ చెయిన్‌తో వస్తుంది, దాని అడ్రస్ కూడా సున్నా ఎక్స్‌తోనే ఉంటుంది. ఇథీరియం బదులు పొరపాటున దానిలో పంపినా, సొంత వాలెట్ అయితే పోదు. కీ ఒకటే కాబట్టి, ఆ నెట్‌వర్క్ తెరిచి చూస్తే అక్కడ ఉంటుంది. అదే తప్పు వాలెట్ నుంచి ఎక్స్ఛేంజ్‌కి పంపేటప్పుడు చేస్తే కీ వాళ్ల దగ్గర ఉంటుంది, వాళ్ల దయ. ఎక్స్ఛేంజ్‌కి ఎక్స్‌ఆర్‌పీ అనే కాయిన్ పంపేటప్పుడు, అది ఏ ఖాతాదారుదో చెప్పే ట్యాగ్ నంబరు మరిచిపోయినా అదే గతి.

యూఎస్‌డీటీ చేరాక మళ్లీ కదిలించాలంటే ఫీజు యూఎస్‌డీటీలో కట్టలేరు. ఇథీరియంలో అయితే కాస్త ఈథర్, ట్రాన్‌లో అయితే కాస్త ట్రాన్ కాయిన్ వాలెట్‌లో ఉండాలి. అది లేక 'డబ్బు ఇరుక్కుంది' అని రాసినవాళ్లు ఈసారి కూడా ఉన్నారు.

బిట్‌కాయిన్‌లో ఫీజు మొత్తాన్ని బట్టి కాదు, ట్రాన్సాక్షన్ బరువును బట్టి. వారం వారం ఐదొందలు వాలెట్‌కి పంపుకుంటే ప్రతిదీ విడి చిల్లర ముక్కగా నిలుస్తుంది. తర్వాత ఖర్చు చేసేటప్పుడు ఒక్కో ముక్కకి సుమారు 68 వర్చువల్ బైట్లు (ఆ బరువును కొలిచే లెక్క) పడతాయి. ఒక ముక్కతో పంపితే మొత్తం 141 దాకా, పది ముక్కలు కలిపి పంపితే సుమారు 750. బైటుకి 20 సాటోషీలు (ఒక సాటోషీ అంటే బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు) నడిచే రోజున మొదటిదానికి 2,820 సాటోషీలు, రెండోదానికి 15,000. కాబట్టి ఎక్స్ఛేంజ్‌లో కొంత పోగయ్యాక ఒకేసారి పంపండి. మొదటిసారి మాత్రం చిన్న మొత్తం పంపి, అది చేరాకే మిగతాది.

పన్ను: మీ ఖాతా నుంచి మీ వాలెట్‌కి మార్చడం అమ్మకం కాదు. అమ్మి లాభం వచ్చినప్పుడు 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు. ఈ లెక్క 2022 ఏప్రిల్ 1 నుంచి ఉంది. కొన్న తేదీ, ధర, పంపిన ట్రాన్సాక్షన్ ఐడీ ఉన్న స్టేట్‌మెంట్లు దించి పెట్టుకోండి. యాప్ మూతపడ్డాక కొన్న ధర రుజువు చేయడానికి అవే దిక్కు.

ప్రశ్న: డివైస్ బీరువాలోనే ఉంది, పదాలు ఎవరికీ చెప్పలేదు. ఉచిత టోకెన్లు ఇస్తామన్న సైటుకి వాలెట్ కనెక్ట్ చేసి ఒకసారి ఓకే నొక్కాను. రెండు రోజులకు యూఎస్‌డీటీ మొత్తం పోయింది. ఎలా? – ఒక పాఠకుడు, తాడిపత్రి

ఆ ఓకేతోనే. మీరు నొక్కింది టోకెన్ తీసుకోవడానికి కాదు. 'నా యూఎస్‌డీటీని ఎంతైనా, ఎప్పుడైనా తీసుకోవచ్చు' అని వాళ్ల కాంట్రాక్టుకు, అంటే బ్లాక్‌చెయిన్ మీద నడిచే వాళ్ల ప్రోగ్రామ్‌కి, రాసిచ్చిన అనుమతి అది. ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం లాంటిది. డివైస్ కీని కాపాడుతుంది, సంతకం పెట్టే చేతిని ఆపదు. చిన్న తెర మీద అర్థం కాని అక్షరాల వరస చూపించి ఒప్పుకోమనడాన్ని బ్లైండ్ సైనింగ్ అంటారు. కొమ్ములు తిరిగినవాళ్లూ దీనికి దొరికారు. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజ్ సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ పోగొట్టుకుంది. సంతకాలు పెట్టినవాళ్ల కంప్యూటర్లో కనపడింది మామూలు బదిలీ, హార్డ్‌వేర్ వాలెట్ మీద సంతకమైంది వేరేది.

పోయింది వెనక్కి లాగే వీలు బ్లాక్‌చెయిన్‌లో లేదు. 1930కి ఫోన్ చేసి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ట్రాన్సాక్షన్ ఐడీతో ఫిర్యాదు పెట్టండి. దొంగ ఏదైనా ఎక్స్ఛేంజ్‌కి తరలించి ఉంటే అక్కడ ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఉంటుంది. మిగిలిన కాయిన్లు కొత్త అకౌంట్‌కి మార్చేయండి, పాత అడ్రస్ ఇచ్చిన అనుమతులు ఇథీరియం లావాదేవీలు చూపించే ఈథర్‌స్కాన్ సైటులోని టోకెన్ అప్రూవల్ పేజీలో చూసి రద్దు చేయండి. సీడ్ పదాలు ఎక్కడా టైపు చేయకపోతే డివైస్ మార్చక్కర్లేదు. 'పోయిన క్రిప్టో రాబడతాం' అని మెసేజ్‌లు వస్తాయి, వాళ్లు రెండో దొంగలు.

ప్రశ్న: కంపెనీ లోగోతో ఇంటికి ఉత్తరం వచ్చింది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వాలెట్ వెరిఫై చేసుకోకపోతే ఆగిపోతుందట. నా పేరు, డోర్ నంబరు సరిగ్గా ఉన్నాయి. – ఒక పాఠకుడు, పులివెందుల

చించి పారేయండి. లెడ్జర్ కస్టమర్ల వివరాలు 2020లో లీకయ్యాయి. ఆ డిసెంబర్లో సుమారు 2,72,000 మంది పేర్లు, ఇంటి అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు బయటపడ్డాయి. ఇలాంటి లీకుల నుంచే మీ డోర్ నంబరు దొరుకుతుంది. ఉత్తరంలోని క్యూఆర్ కోడ్‌తో వాలెట్‌ని 'వెరిఫై' చేయడం అనేది లేనే లేదు. ఇక ముందు ఏదైనా తెప్పించుకుంటే ఇంటికి కాకుండా ఆఫీసు అడ్రస్‌కి తెప్పించండి. మీ దగ్గర ఇవి ఉన్నాయని ఊళ్లో నలుగురికీ తెలియడం కూడా లీకే.

ప్రశ్న: డివైస్ పాడైతే, కంపెనీయే మూతపడితే? – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

పదాలు ఉంటే చాలు. బిప్-39 ఒక కంపెనీ సొత్తు కాదు, ఇంకో కంపెనీ డివైస్‌లో అవే పదాలు ఎక్కించుకోవచ్చు. ఎక్కించాక సున్నా కనపడితే కంగారు పడకండి. అకౌంట్ రకం వేరుగా తెరిచి ఉంటుంది. బీసీ1క్యూతో మొదలైన అడ్రస్‌లు వాడి ఉంటే నేటివ్ సెగ్‌విట్, బీసీ1పీతో అయితే ట్యాప్‌రూట్, 3తో అయితే పాత సెగ్‌విట్, 1తో అయితే లెగసీ అకౌంట్ జోడించి చూడండి. ఏ రకం వాడుతున్నారో సీడ్ కాగితం కింద ఒక ముక్క రాసి పెట్టుకుంటే ఆ వెతుకులాట ఉండదు.

ప్రశ్న: మా ఆయన ఫోన్లోనే ఏదో చేస్తుంటారు. 'నాకేమన్నా అయితే ఆ పెన్‌డ్రైవ్ లాంటిది చూసుకో' అంటారు. నాకు దాని తల తోక తెలియదు. ఏం అడగాలి? – ఒక పాఠకురాలు, ఎమ్మిగనూరు

అమ్మా, ఈ నెల వచ్చిన వాటిలో అందరికంటే సరైన ప్రశ్న మీదే. పదాలు ఏమిటో అడగొద్దు, ఎక్కడ ఉన్నాయో అడగండి. ఆయన చేత ఒక కాగితం రాయించండి. డివైస్ పేరు, మోడలు. అది ఉన్న చోటు. పదాల ప్లేటు ఉన్న చోటు. పాస్‌ఫ్రేజ్ ఉందా లేదా, ఉంటే అది ఎక్కడ. ఏ కాయిన్లు ఉన్నాయి, ఏ ఎక్స్ఛేంజ్‌లో మీ పేరు మీద ఖాతా తెరిస్తే అమ్మొచ్చు. నమ్మి సాయం అడగదగ్గ ఒక మనిషి పేరు, ఆ మనిషి కూడా పదాలు చూడకూడదన్న మాట. పదాలు మాత్రం ఆ కాగితం మీద ఉండకూడదు, వీలునామాలోనూ ఉండకూడదు. వీలునామా పదిమంది చేతుల్లో పడుతుంది.

తర్వాత ఒక ఆదివారం, ఆయన పక్కన కూర్చుని నోరు మెదపకుండా, మీరొక్కరే ఆ కాగితం చూసి డివైస్ తెరవండి, వంద రూపాయల విలువ పంపి చూడండి. ఎక్కడ ఆగారో అక్కడ కాగితంలో ఒక వాక్యం చేర్చమనండి. ఏడాదికోసారి ఇదే పని మళ్లీ చేయండి. పిన్ మరిచిపోయి వరసగా మూడుసార్లు తప్పు కొడితే లెడ్జర్ తనంతట తాను చెరిగిపోతుంది. భయపడొద్దు, ప్లేటు ఉంటే మళ్లీ వస్తుంది. ఆ సంగతి కూడా కాగితం మీద ఉండాలి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే డివైస్ వెలుగుతుంది, యాప్‌లో మాత్రం కనపడదు. – ఒక పాఠకుడు, ఉరవకొండ

చాలాసార్లు కేబులే. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుళ్లలో డేటా తీగలు ఉండవు, కరెంటు వెళ్లి తెర వెలుగుతుంది, అంతే. డబ్బాలో వచ్చిన కేబుల్ పెట్టి, హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కి తగిలించండి. పిన్ కొట్టి తెరిచాకే చాలా డివైస్‌లు యాప్‌కి కనపడతాయి. లైనక్స్ అయితే డివైస్‌ని వాడుకోనిచ్చే యూదేవ్ రూల్స్ అనే ఫైలు ఎక్కించాలి. మీది లెడ్జర్ నానో ఎస్ ప్లస్ అయి ఐఫోన్‌తో ప్రయత్నిస్తుంటే అది కుదరదు, ఆండ్రాయిడ్‌కి గానీ కంప్యూటర్‌కి గానీ తగిలించాలి. పనిచేసిన కేబుల్‌కి ఒక దారం కట్టి డివైస్‌తో పాటే ఉంచుకోండి.